ఒకటో నంబరు అర డాలరు

సోమవారం మధ్యాహ్నం రెండూ పదికి నేను ఎమొరీ హీస్టర్ ఇంటి మెట్లెక్కేసరికి, లెఫ్టినెంట్ రస్సెల్ గ్రోవ్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడెప్పుడూ అంతే. నేను వెళ్లే ప్రతి చోటికీ నాకంటే పది నిమిషాలు ముందే వెళ్లి, అక్కడి గాలి కూడా తన సొంతమన్నట్టు పీలుస్తూ ఉంటాడు. పన్నెండేళ్ల కిందట పోలీసుల్లో ఇద్దరం ఒకే బల్ల దగ్గర పనిచేశాం. నేను పట్టుకున్న దొంగ పక్కన వాడు నిలబడి ఫొటో దిగాడు. వాడికి పదోన్నతి వచ్చింది, నాకు ఒళ్లు మండి ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివునయ్యాను. దాచుకోవడం దేనికి, వాణ్ణి చూస్తే ఇప్పటికీ నాకు కడుపు మంటే.

"ఏమోయ్ మోయర్, ఆ దొంగావిడే పంపిందా నిన్ను?" అన్నాడు.

"దొంగని తేల్చాల్సింది కోర్టు. నువ్వు కాదు."

"కంగారుపడకు. ఐదింటికి జడ్జి వారెంటు మీద సంతకం పెడతాడు. ఐదున్నరకి లోయిస్ బ్రాంట్ నా కారు వెనక సీట్లో ఉంటుంది. కావాలంటే నువ్వు ముందు సీట్లో కూర్చో."

నాకు మిగిలింది మూడు గంటల లోపే.

లోయిస్ బ్రాంట్‌ది మా ఊళ్లో పాత నాణేల కొట్టు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఒక్కతే నడుపుకొస్తోంది. ఆ వ్యాపారంలో లైసెన్సూ బోర్డూ పైపై మాటలు, అసలు పెట్టుబడి అరచెయ్యి. మా నాణేలవాళ్లు తమ నాణేన్ని ఇంకొకరి అరచేతిలో పెట్టి, తీరిగ్గా చూసుకోమని వదిలేస్తారు. ఆ నమ్మకం మీదే బేరాలన్నీ. నాణెం మార్చేసిందన్న నింద ఒక్కసారి పడితే, రేపు కోర్టు వదిలేసినా సరే, లోయిస్ చేతిలో ఇక ఎవరూ నాణెం పెట్టరు. పొద్దున నా ఆఫీసుకొచ్చి ఆమె చెప్పింది కూడా ఇదే. జైలు మాట ఎత్తనే లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది. నేనూ ఒకప్పుడు పాత వెండి నాణేలు పోగుచేసినవాణ్ణే. 1795 నాటి అర డాలర్లలో, ఒకానొక అచ్చు జతతో, అంటే బొమ్మకొకటి వెనకవైపుకొకటి చెక్కిన ఒకే రెండు ముద్రలతో కొట్టినవి లోకంలో ఆరే మిగిలాయి. అందులో ఒకటి వేలంలో నా కళ్లముందే నాకు దక్కకుండా లోయిస్ మొగుడికి దక్కింది. అది ఇప్పుడు లోయిస్ దగ్గరుంది. అంచేత పొద్దున ఆమె ఏడుస్తుంటే నాకు జాలేసిన మాట నిజమే కానీ, లోపలెక్కడో ఒక మూల చిన్న సంతోషం కూడా తగిలింది. అది తెలిసి నా మీద నాకే రోత పుట్టింది. ఆ రోతతోనే కేసు ఒప్పుకున్నాను.

ఆ ఆరింటిలో ఏది ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి నంబర్లు వేస్తారు. ఒకటో నంబరు హీస్టర్‌ది. రెండో నంబరు లోయిస్‌ది.

హీస్టర్ భోజనాల గదిలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, పెన్ను గీతలా సన్నగా ఉంటాడు. శనివారం ఆ బల్ల చుట్టూనే మా ఊరి నాణేల సంఘం కూర్చుంది. హీస్టర్, లోయిస్, ఒక పళ్ల డాక్టరు, ఒక స్కూలు మాష్టారు, మొత్తం నలుగురు.

"టైములు చెప్పండి," అన్నాను.

"లెఫ్టినెంటుకి చెప్పాను."

"నాకూ చెప్పండి. నేను రాసుకునేది వేరే పుస్తకంలో."

విసుక్కుంటూనే చెప్పాడు. రెండింటికి అందరూ వచ్చారు. రెండూ ఇరవైకి ఆయన అర డాలరు చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. రెండూ నలభైకి తనే మేడమీద గదిలోకి తీసుకెళ్లి సొరుగులో పెట్టి తాళం వేశాడు. మూడింటికి కాఫీ, మా ఊరివాళ్లు బెల్లంపాకంతో చేసే 'పై' అనే మిఠాయి. మూడూ పావుకి లోయిస్ మేడెక్కింది, ఐదు నిమిషాల్లో దిగింది. నాలుగింటికి ఇంకోసారి చూద్దామని అందరూ అడిగితే, ఆయనొక్కడే పైకి వెళ్లి సొరుగు తీశాడు.

"లోపల నా నాణెం లేదు. తళతళా మెరిసే ఇంకో 1795 అర డాలరు ఉంది. నాది నీలం కలిసిన నలుపు, అంచుల్లో బంగారం రంగు. నూట అరవై ఏళ్ల నలుపు అది. గుడ్డివాడైనా పోల్చుకుంటాడు."

"పోలీసులకి ఫోనెప్పుడు చేశారు?"

"నాలుగూ ఇరవయ్యొకటికి," అన్నాడు గ్రోవ్ వెనకనుంచి. "స్టేషన్లో నమోదై ఉంది."

"నాలుగింటికి చూశారు. ఈ ఇరవయ్యొక్క నిమిషాలూ మేడమీద ఏం చేశారు మిస్టర్ హీస్టర్?"

"గుండె దడ వచ్చింది. కూర్చుండిపోయాను."

"కింద ఉన్న ముగ్గుర్నీ పిలవలేదా?"

"పిలిచి ఏం చెయ్యమంటావు? భజనా?"

"ఆ మెరిసే నాణేన్ని వాళ్లకి చూపించారా?"

"పెట్టెలో పెట్టి దూరంనుంచి చూపించాను. వెంటనే మూసేశాను. అయినా దొంగకి మళ్లీ చేతికిస్తానా?"

అడిగితే తప్పని వాళ్లూ అడిగి ఉండరు. ఎదుటివాడి నాణేన్ని వాడు చేతిలో పెడితేనే చూడాలి, తామంతట తాము తాకకూడదు. మా వాళ్లకి అది పెళ్లినాటి ప్రమాణం కంటే పెద్దది.

గ్రోవ్ గొంతు సవరించుకున్నాడు. "ఇక నాది విను. లోయిస్ కొట్టు ధరల కాయితంలో పోయిన నెల ఒక తోమిన 1795 అర డాలరు అమ్మకానికుంది. ఇప్పుడది కొట్లో లేదు. ఎవరో ముక్కూ మొహం తెలీని మనిషికి అమ్మానంటోంది. శనివారం మేడెక్కింది తనొక్కతే. ఎందుకెక్కావంటే చేతులు కడుక్కోడానికట. కింద కుళాయి లేదా?"

"ఆ పాకం మిఠాయి తిన్న చేత్తో నాణెం పట్టుకుంటే మా వాళ్లు తల తీసేస్తారు. నలుగురూ ఒకేసారి కడుక్కోవాలి. కింద ఉన్నది ఒకటే కుళాయి, దాని ముందు ఇద్దరు మగాళ్లు నిలబడి ఉన్నారు. ఆమె పైకి వెళ్లింది. ఇది నీకు వింతగా తోచిందంటే, నువ్వెప్పుడూ చేతులు కడుక్కోలేదన్నమాట."

గ్రోవ్ మొహం కందిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మేడమీద గది చిన్నది. గోడవారన పది సొరుగుల చెక్క బీరువా ఉంది. తాళంచెవి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. ఇంటికొచ్చే ప్రతివాడికీ ఆ మేకు తెలుసు. బీరువా పక్కన ఫోను. మూడో సొరుగు లాగాను. ఆకుపచ్చ గుడ్డలో గుండ్రటి గుంటలు. ఖాళీగా ఉన్న గుంట మీద భూతద్దం పెట్టి వంగాను. అడుగున చిటికెడు పొడి కనబడింది, లేత గులాబి రంగులో. వేలితో అద్ది వాసన చూశాను. సబ్బుకీ సుద్దకీ మధ్య ఏదో వాసన.

దేన్నీ కదపకుండా సొరుగు మూసి, వంటింట్లోకి దిగాను.

ఎడ్నా హీస్టర్ పొయ్యి దగ్గర ఆపిల్‌పండ్లు కోస్తోంది. నలభై ఏళ్ల కాపురం. ఆ ఇంటికి నేను ఎన్నిసార్లు వచ్చానో, ఒక్కసారి కూడా ఆవిడ నవ్వగా చూడలేదు. ఈవేళ పెదాల చివర్లో ఏదో వెలుగు. ఇంట్లో దొంగతనం జరిగిన ఆడమనిషి మొహం అలా ఉండదు.

"కూర్చో హార్లన్. కాఫీ తాగుతావా?"

"ఇవ్వండి. శనివారం వెండి కాఫీపాత్ర తీసినట్టున్నారు."

"వాళ్లొస్తే తియ్యాలిగా. ఆవిడగారొస్తుందిగా."

"లోయిసా?"

"ఇంకెవరు? గురువారం వచ్చిందంటే ఈ మనిషి ఆ కొట్లోనే. మూడేసి గంటలు. ఇంటికొచ్చి నాతో మాట్లాడేది మూడు మాటలు, అందులో రెండు ఉప్పు తక్కువైందని. జుట్టుకి రంగేస్తుంది, తెలుసా?"

"గమనించలేదు."

"మగాళ్లు గమనించరు. అందుకే వేస్తుంది."

కాఫీపాత్ర వంటింటి గిన్నెల బీరువా మీదుంది. అద్దంలా మెరుస్తోంది. దాని మూతి మొదట్లో, గుడ్డ వెళ్లని మూల, లేత గులాబి రంగు పొడి కాస్త ఎండి అతుక్కుని ఉంది. నేను ఆవిడ మొహంలోకి చూడకుండా పంచదార కలుపుకున్నాను.

"శనివారం వాళ్లు నాణేలు చూస్తుంటే మీరు బల్ల దగ్గరికి వెళ్లారా?"

కత్తి ఆగింది. "కప్పులు పెట్టడానికి వెళ్లాను. అప్పుడే ఈయన ఆ బిళ్లని చేత్తో పట్టుకుని, దాని మీది ఆడబొమ్మని చూపిస్తూ అన్నాడు, 'ఇంతకంటే అందగత్తె ఈ ఇంట్లో అడుగుపెట్టలేదు' అని. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. నేను కప్పులు పెట్టి వచ్చేశాను."

"ఎన్నింటికి?"

"రెండున్నర అయుంటుంది," అని మళ్లీ పండు కొయ్యడం మొదలుపెట్టింది.

భోజనాల గదిలోకి వచ్చేసరికి మూడూ యాభై. నేను గ్రోవ్ ముందు చెయ్యి చాపాను.

"ఆ మెరిసే నాణెం ఇవ్వు. చూడాలి."

"సాక్ష్యం అది. నీకెందుకిస్తాను?"

"ఇవ్వకపోతే రేపు కోర్టులో లోయిస్ లాయరు అడుగుతాడు. అప్పుడు విలేకర్ల ముందు చూడాల్సొస్తుంది. నీ ఫొటోలకి అలవాటు పడ్డ విలేకర్లే."

గ్రోవ్ కోటు జేబులోంచి కవరు తీసి, నాణేన్ని బొటనవేలితో బొమ్మ మొహం మీదే నొక్కి పట్టుకుని బల్ల మీద టప్పున పెట్టాడు. నాణేలవాళ్లెవరూ నాణెం మొహం మీద వేలు పెట్టరు. హీస్టర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఇంకొకరి నాసిరకం నాణెం కోసం ఏ మనిషీ అలా కళ్లు మూసుకోడు.

చేతిరుమాలు పరిచి, నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తి భూతద్దం పెట్టాను. ఆ కాలపు అర డాలరుకి అంచు మీద కూడా అక్షరాలుంటాయి. ఆ అక్షరాల సందుల్లో లేత గులాబి పొడి. మొహం వైపు తిప్పాను. జుట్టు కింద, మెడ వంపు దగ్గర, ఏటవాలుగా మూడు గీతలు. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

పొద్దున లోయిస్ ఇచ్చిన ఫొటో జేబులోంచి తీసి పక్కన పెట్టాను. "1953లో లోయిస్ మొగుడు మీ సంఘం నాణేలన్నిటికీ ఫొటోలు తీశాడు. ఇది మీది మిస్టర్ హీస్టర్, వెనక మీ పేరు రాసుంది. దీపం పక్కనుంచి పెట్టి తీశాడు కాబట్టి నలుపు కింద ఉన్నవి కూడా కనిపిస్తున్నాయి. గ్రోవ్, ఇలా రా. గీతలు లెక్కపెట్టు."

"మూడు. అయితే?"

"ఆ రోజుల్లో టంకశాలలో వెండి బిళ్ల బరువెక్కువైతే, ముద్ర కొట్టేముందు ఆకురాయితో గీసి బరువు తగ్గించేవాళ్లు. ఒక మనిషి చేత్తో గీసిన గీతలు అవి. ఏ రెండు నాణేలకీ ఒకేలా ఉండవు. ఇప్పుడు నాణెం మీద లెక్కపెట్టు."

వాడు వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"రెండు పొడుగు, ఒకటి పొట్టి," అన్నాడు చివరికి, నీరసంగా.

"అదే మెడ, అదే చోటు. ఎవరూ ఏదీ మార్చలేదు. దొంగతనమే జరగలేదు. ఇది మిస్టర్ హీస్టర్ నాణెమే. ఎవరో దీన్ని వెండి పాత్రలు తోమే ముద్దతో తోమారు. రెండు రోజుల్నించీ నీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నది దాన్నే."

గుమ్మంలోంచి ఎడ్నా గొంతు వినబడింది.

"నేనే తోమాను."

చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. "ఆయన దాన్ని పైన పెట్టి దిగాక వెళ్లాను. కాఫీపాత్ర తోమిన గుడ్డ చేతిలోనే ఉంది. ఇంతటి అందగత్తె కదా, మొహం కడిగితే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. మూడు నిమిషాలు పట్టింది. నేనేమీ భయపడలేదు. తిడతాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను."

"కానీ ఆయన దొంగతనం అన్నాడు," అన్నాను.

"అన్నాడు." ఆవిడ మొగుడివైపు తిరిగింది. ఆ పెదాల చివరి వెలుగు ఇప్పుడు కళ్లదాకా పాకింది. "అప్పుడర్థమైంది నాకు. చూడగానే తెలిసిపోయింది ఈయనకి, నా పనేనని. నలుగురిలో నా పరువు పోతుందని నోరు మెదపలేదు. నలభై ఏళ్లలో ఈ మనిషి నా కోసం చేసిన పని ఇదొక్కటే హార్లన్. ఆ లోయిస్‌ని పట్టుకెళ్తారని తెలిసీ నేను ఊరుకున్నాను. తప్పే. కానీ ఈ రెండు రోజులూ వదులుకోబుద్ధి కాలేదు."

ముందు తేరుకున్నది గ్రోవే. తనకి చేటు రాకుండా ఎలా బయటపడాలో వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

"పెళ్లాన్ని కాపాడుకోవడానికి అబద్ధమాడాడు. ఏ మగాడైనా అంతే," అన్నాడు. "ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. జడ్జికి నేను చెప్పుకుంటాను. బ్రాంటమ్మని వదిలేస్తాం. ఇంటి గుట్టు బయట పెట్టక్కర్లేదు. నాణెం ఎక్కడో పోయిందనుకుంటారు."

"అవును," అన్నాడు హీస్టర్ గబుక్కున. "పోయిందనే ఉండనివ్వండి."

ఇందాకట్నుంచీ ఆ మనిషి నోట వచ్చిన మొదటి మాట అది. భార్య చెప్పిందానికి ఒక్క ముక్క బదులు లేదు. ఆ మాట వినగానే ఆ ఇరవయ్యొక్క నిమిషాల గుట్టు నాకు విడిపోయింది. ఆ నాణెం ఎక్కడైనా అమ్మకానికొచ్చిందేమోనని పొద్దున హారిస్‌బర్గ్‌కి ఫోన్ చేస్తే తెలిసిన సంగతి ఒకటి అప్పటిదాకా జేబులోనే ఉంచుకున్నాను. ఎడ్నా మొహం చూస్తే ఇప్పుడూ చెప్పబుద్ధి కాలేదు. కానీ పోయిందనే ఉంటే, చివరగా మేడెక్కిన మనిషి లోయిసే అని కూడా ఉంటుంది. వారెంటు లేకపోయినా ఆమె అరచెయ్యి ఖాళీయే.

"పోలేదని మీకు సరిగ్గా నాలుగింటికే తెలుసు," అన్నాను హీస్టర్‌తో. "నాలుగూ ఆరుకి మేడమీద నుంచి హారిస్‌బర్గ్‌లో ఆర్విల్ టాస్కర్‌కి ఫోన్ చేశారు. అచ్చు జతల వారీగా దేశంలో ఎవరి నాణెం ఎన్నో నంబరో పట్టిక రాసేది ఆయనే. పోలీసుల కంటే ముందు ఆయనకి చెప్పారు, నా అర డాలరు దొంగతనమైపోయింది, ఒకటో నంబరు పక్కన అలాగే రాసుకోండి అని. పావుగంట మాట్లాడారు. ఆయన మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు."

"పట్టికేమిటి?" అంది ఎడ్నా.

"దొంగతనమైన నాణెం స్థానం పోదమ్మా. ఎప్పటికీ ఒకటో నంబరే. కానీ తోమి పాత నలుపు పోగొట్టిన నాణెం ఆఖరుకి పడిపోతుంది. అప్పుడు ఒకటో నంబరు లోయిస్‌దవుతుంది."

ఆవిడ మొగుడివైపు తిరిగింది. "ఎమొరీ, నా కోసం కాదా?"

హీస్టర్ తలెత్తాడు. పాపం, అబద్ధం చెప్పి ఉంటే బావుండేది. ఆ మనిషికి ఆ ఊహే రాలేదు.

"ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకటో నంబరు, ఎడ్నా," అన్నాడు. "నీకేం తెలుస్తుంది. నువ్వెళ్లి రెండో నంబరు చూశావా? కుడివైపు నక్షత్రం మీద దెబ్బుంది. అది నా పైన ఎక్కడమా? గ్రోవ్, నేను అబద్ధపు ఫిర్యాదు చేశానని ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను. జైల్లో పెట్టుకో. టాస్కర్‌కి మాత్రం చెప్పకండి."

లోయిస్ మీద అంత కుళ్లు ఆ మనిషికి. నేను అసహ్యించుకుందామనుకున్నాను, వల్ల కాలేదు. ఆ నక్షత్రం మీది దెబ్బ నాకూ తెలుసు. వేలంలో నేను దాన్ని చూసి, దక్కకపోయినా పర్వాలేదులే అని నన్ను నేను ఎన్ని రాత్రులు ఓదార్చుకున్నానో.

ఎడ్నా చేతి తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టింది. "ఆయన నంబరెంత హార్లన్?"

చెప్పాను. ఆవిడ కింద గదిలోని ఫోన్ దగ్గరికి వెళ్లి, నిలబడే ఆపరేటరుని అడిగింది. హీస్టర్ కుర్చీలోంచి లేచాడు, రెండడుగులు వేసి ఆగిపోయాడు. టైము నాలుగూ ఇరవై ఐదు.

"మిస్టర్ టాస్కర్? ఎడ్నా హీస్టర్‌ని. ఎమొరీ భార్యని. ఒకటో నంబరు దగ్గర దొంగతనమని రాశారట, కొట్టెయ్యండి. ఎక్కడికీ పోలేదు, మా బల్ల మీదే ఉంది. లేదు, లోయిస్ బ్రాంట్ దాన్ని ముట్టుకోనేలేదు. అది కూడా రాసుకోండి. తోమాను. నేనే. కాఫీపాత్ర తోమే ముద్దతో."

అవతల గొంతు ఏదో అడిగింది.

"రెండువైపులా," అంది ఎడ్నా.

"రెండువైపులా అని చెప్పకు ఎడ్నా," అన్నాడు హీస్టర్. ఆ గొంతు వినలేక గ్రోవ్ కూడా కిటికీవైపు తిరిగాడు.

అవతలి మనిషి ఈసారి గట్టిగా మాట్లాడాడు, మాకందరికీ వినబడింది. "అయితే అమ్మా, ఇప్పుడు ఒకటో నంబరు ఎవరి పేరున రాయమంటారు? సంఘం తరఫున ఎవరో ఒకరు చెప్పాలి కదా."

ఎడ్నా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆగిపోయింది. ప్రతి గురువారం సాయంత్రం ఆ పేరు తలుచుకుని ఈవిడ ఎన్ని పండ్లు కోసి ఉంటుందో. ముందు మొగుడివైపు చూసింది, తరవాత నావైపు. నేను చెప్పొచ్చు. నా చూపు బల్ల మీది నాణెం మీదికి జారుకుంది.

"లోయిస్ బ్రాంట్ అని రాయండి," అంది, ఒక్కో మాటా విడివిడిగా. ఫోను పెట్టేసి, వారెంటు ఆపమని గ్రోవ్‌తో తనే చెప్పింది.